సాక్షి లేని సాహసము

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు మన భాషనుగూర్చియే చెప్పుదునని వారు తలచియుందురు. పిల్లలకు తెలుగు చదువు, గ్రంథాలయమునకు పుస్తకములు, పండుగనాటి నాటకము, ఇవి మన సభలలో నిత్యము నలుగు మాటలే. నేడు వానిని కొంచెము ప్రక్కనుంచి ఒక పొరుగువాని కథ చెప్పదలచితిని. ఆయన తెలుగువాడు కాడు, కొడగు సీమవాడు. పేరు అజ్జమాడ బోపయ్య దేవయ్య. భారత వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరు. 1965వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీ ఉదయమున ఆకాశయుద్ధములో ప్రాణము విడిచెను. ఆ యుద్ధములో ఆయన చేసిన కార్యమునకు మహావీర చక్రము లభించినది. కాని అది లభించినది 1988లో. నడుమ 23 సంవత్సరములు గడచినవి. ఈ 23 సంవత్సరములు ఎట్లు గడచెను, ఎందుకు గడచెను అనునదే నా ప్రసంగ విషయము.

పొరుగువాడంటిని. ఆ మాట వట్టి మర్యాదకు అన్నది కాదు. కొడవ భాష మాటలాడువారు సంఖ్యలో స్వల్పులు. ఇంటిలో నొక భాష, బడిలో నొక భాష, కచేరీలో నొక భాష. ఇట్టి బ్రతుకు ఎట్టిదో తరతరములుగా పరభాషా ప్రాంతములలో కాపురముండు మనకు వేరుగ చెప్పనక్కరలేదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు కొడగు చిన్న రాష్ట్రముగా నుండెను. నాడు మైసూరు రాష్ట్రములో నొక జిల్లాగా చేరెను. అంత చిన్న సీమనుండి జనరల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య వంటి సేనాపతులు బయలుదేరిరి. దేవయ్య వారి గడ్డపై పుట్టినవాడే.

ఆయన 1932 డిసెంబరులో జన్మించి 1954లో వాయుసేనలో చేరెను. కొంతకాలము యువకులకు విమానచోదనము నేర్పిన గురువు కూడ. 1965 నాటికి ఆయనకు 32 ఏండ్లు. ఇంటిలో భార్య, ఇద్దరు ఆడపిల్లలు.

ఇక యుద్ధము సంగతి. 1965 సెప్టెంబరు 1వ తేదీన ఛంబ్ ప్రాంతమున పాకిస్తాను సేనలు ముందుకు దూకెను. 6వ తేదీన మన సేనలు లాహోరు వైపు సరిహద్దు దాటెను. ఆ సాయంకాలమే పాకిస్తాను విమానములు పంజాబులోని మన విమానస్థావరములపై దాడికి వచ్చినవి. పఠాన్‌కోటలో నేలపై నిలిచియున్న మన విమానములు పెక్కు నాశనమయ్యెను. మరునాడు తెల్లవారగనే పాకిస్తాను వాయుసేనకు గుండెకాయవంటి సర్గోధా స్థావరమును కొట్టవలెనని మనవారు నిశ్చయించిరి. మొదటి దాడి జలంధరునకు సమీపమున నున్న ఆదంపూరు నుండి 1వ స్క్వాడ్రన్ చేయవలెను. నాయకుడు వింగ్ కమాండర్ తనేజా.

ఆదంపూరు నుండి సర్గోధా సుమారు 300 కిలోమీటర్లు. నేడు రైలులో పోవువారికి ఇది పెద్ద దూరము కాదు. కాని నాటి మిస్టేరు విమానమునకు ఇది దాదాపు శక్తికి కట్టకడపటి హద్దు. శత్రువు రాడారునకు చిక్కకుండుటకై నేలకు మిక్కిలి సమీపమున ఎగురవలెను. తక్కువ ఎత్తున జెట్ విమానము ఇంధనమును మిక్కిలిగా త్రాగును. కావున పోయి, కొట్టి, వచ్చుటకే ఇంధనము చాలియు చాలక యుండును. దారిలో నిలిచి పోరాడుటకు మిగులు ఏమియు లేదు. ఈ సంగతి ఆ దాడికి పోయిన ప్రతివానికిని తెలియును. దీనిని మీరు మనసులో నుంచుకొనవలెను. తరువాత జరిగినదానికి ఇది తాళపుచెవి వంటిది.

పండ్రెండు విమానములు పోవలెనని ఏర్పాటు. ఏదైన ఒకటి చెడిపోయినచో దాని స్థానమును నింపుటకు అదనముగా కొందరిని సిద్ధపరచిరి. దేవయ్య ఆ అదనపువారిలో నొకడు. పెండ్లి పందిటిలో పిలువని చుట్టము వలె ఆయన అంచున నిలుచుండెను. ఆయన పోకపోయినను ఎవ్వరును నిందించియుండరు. కాని ఆయనకు స్థానము దొరికెను. తెల్లవారుటకు ముందు, రన్‌వేపై చీకటిలో, ఒకదాని వెనుక నొకటిగా ఆ విమానములు లేచినవి.

సర్గోధాపై దాడి జరిగినది. దాని వలన శత్రువునకు ఎంత నష్టము కలిగెనో ఇరుపక్షములవారు రెండు విధములుగా చెప్పుదురు. ఆ లెక్క నేడు మనకు అక్కరలేదు. తిరుగుదారిలో జరిగినదే మన కథ.

మరలుచున్న మన విమానములను అడ్డగించుటకు పాకిస్తాను పక్షమున ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజద్ హుసేన్ వచ్చెను. ఆయన ఎక్కినది అమెరికావారు చేసిన స్టార్‌ఫైటర్ విమానము. అది ధ్వనివేగమునకు రెట్టింపు వేగమున పోగలది. వేడిమిని వెదకి వెంబడించు సైడ్‌వైండరు క్షిపణులును, ఆరు గొట్టములు గల ఫిరంగియు దానికి కలవు. మన మిస్టేరు ఫ్రెంచివారి నిర్మాణము. సమతలమున ఎగురునప్పుడు ధ్వనివేగమును అందుకొనలేదు. క్షిపణులు లేవు. 30 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు మాత్రము కలవు. చూచువారికి ఇది గ్రద్దకును పావురమునకును జరిగిన పోరువలె తోచును.

అంజద్ హుసేన్ విడిచిన క్షిపణి గురి తప్పెను. పిమ్మట ఆయన దగ్గరకు వచ్చి ఫిరంగితో కొట్టెను. దేవయ్య విమానము దెబ్బతినెను. ఇక దాని పని అయిపోయినదని తలచి అంజద్ హుసేన్ మిగిలిన విమానములవైపు దృష్టి మరల్చెను.

సభాసదులారా, ఈ క్షణమున దేవయ్య ముందు రెండు దారులుండెను. పారాచూటు నమ్ముకొని బయటకు దూకవచ్చును. గాయపడిన విమానముతో సరిహద్దువైపు పరుగిడవచ్చును. రెండును న్యాయమైన దారులే. ఇంధనము లేదు. విమానము దెబ్బతిన్నది. ఎదిరి విమానము రెట్టింపు వేగము గలది. ఆయన ఆ రెండు దారులను విడిచి మూడవదానిని పట్టెను. వెనుకకు తిరిగి పోరాటమునకు నిలిచెను.

స్టార్‌ఫైటరునకు వేగమే బలము. దాని రెక్కలు మిక్కిలి పొట్టివి. నిటారుగా దూసుకొనిపోవుటలో దానికి సాటి లేదు గాని మలుపు తిరుగవలెనన్న విశాలమైన చోటు కావలెను. మిస్టేరు అంతకన్న ఇరుకైన మలుపు తిరుగగలదు. కావున వేగముగలవాడు వేగమును విడిచి, నేలకు సమీపమున మలుపుల పోరాటమునకు దిగినచో అతని బలము సగమగును. జరిగినది అదియే. చచ్చినదనుకొన్న విమానము తన వెంట పడుట చూచి అంజద్ హుసేన్ ఆశ్చర్యపడెను. దేవయ్య ఫిరంగి గుండ్లు స్టార్‌ఫైటరును తాకినవి. అది అదుపు తప్పెను. అంజద్ హుసేన్ పారాచూటుతో దూకి బ్రతికెను. దేవయ్య విమానమును ఆ పొలములయందే కూలెను. ఆయన తిరిగి రాలేదు. ఏమి తలచి వెనుకకు తిరిగెనో చెప్పుటకు ఆయన మిగులలేదు. ఆ తలపును మనము కల్పించి చెప్పుట తగదు.

ఆదంపూరులో ఒక్కొక్క విమానమే దిగుచుండెను. మనవారు లెక్కించుకొనిరి. ఒకటి తక్కువ. ఎక్కడ పడెనో, ఎట్లు పడెనో చూచినవారు లేరు. అందరును నేలనంటి, ఇంధనపు ముల్లును చూచుకొనుచు, ప్రాణములరచేత బట్టుకొని వచ్చినవారే. కావున దేవయ్య పేరుకు ఎదురుగా వ్రాసినది ఒకే మాట. తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక సంగతి వివరింపవలెను. ఆకాశయుద్ధములో ఒకడు శత్రువిమానమును కూల్చెనని నిర్ణయించుట ఎట్లు? ఫిరంగితో పాటు పనిచేయు కెమెరా యుండును. అది తీసిన చిత్రము ఒక సాక్ష్యము. ప్రక్క విమానములో నున్న సహచరుని మాట రెండవది. నేలపై పడిన శకలములు మూడవది. దేవయ్యకు ఈ మూడును లేకపోయినవి. కెమెరా విమానముతో పాటు కాలిపోయినది. సహచరులు ముందుకు సాగిపోయిరి. శకలములు శత్రుదేశపు నేలపై పడినవి. వీరుడు మరణించినచో అతని సాక్ష్యము కూడ అతనితోనే మరణించుట ఈ యుద్ధమునందలి క్రూరత్వము.

దీనికి ప్రతిగా అదే దినమున జరిగిన వేరొక పోరును చూడుడు. 1965 సెప్టెంబరు 7వ తేదీననే, వేయి కిలోమీటర్లకు మించిన దూరమున తూర్పున, ఒడిశా పొలిమేరకు సమీపమున నున్న కలైకుండా స్థావరముపై పాకిస్తాను సేబరు విమానములు ఢాకానుండి దాడికి వచ్చినవి. మొదటి మారు నేలపైనున్న మన విమానములను తగులబెట్టి పోయినవి. రెండవమారు వచ్చినప్పుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసరు మంగాయిన్ హంటరు విమానములలో వానిని ఎదిరించిరి. చెట్ల కొమ్మలకు తగులునంత క్రింద పోరు జరిగెను. ఖరగ్‌పూరు పరిసరముల ప్రజలు తలలెత్తి చూచిరి. కుక్ ఒక సేబరును కూల్చెను. ఇరువురును క్షేమముగా దిగిరి, ఇరువురును వీరచక్రములను పొందిరి. వారి సాహసము తక్కువదని నేననుట లేదు. కాని అచ్చట చూచిన కన్నులు కలవు, తిరిగి వచ్చి చెప్పిన నోళ్లు కలవు. సర్గోధా పొలములపై చూచినది ఒక్క శత్రువే.

ఆ శత్రువు ఏమి చెప్పెను? తొలిదినములలో పాకిస్తాను వైపున వేరొక మాట వినవచ్చెను. కూలిన మిస్టేరు తునకలు తగిలి స్టార్‌ఫైటరు పడిపోయినదని చెప్పుకొనిరి. రెట్టింపు వేగము గల విమానమును ఒక పాత మిస్టేరు కూల్చెననుట ఎవరికిని రుచింపదు గదా! 1971 యుద్ధములో అంజద్ హుసేన్ అమృతసరుపై దాడికి వచ్చి మరల కూల్చబడెను. మనవారికి చిక్కి, యుద్ధఖైదీగా నుండి, పిమ్మట స్వదేశమునకు మరలెను. ఆలోచింపుడు. ఆ ఉదయపు పోరును కండ్లార చూచిన మనిషి కొంతకాలము మన దేశమునందే చెరలో నుండెను. అప్పటికిని దేవయ్య కథ 'తిరిగి రాలేదు' అను మాట దగ్గరనే నిలిచియుండెను.

1979లో జాన్ ఫ్రికర్ అను ఆంగ్లేయ రచయిత 1965 నాటి ఆకాశయుద్ధముపై 'బ్యాటిల్ ఫర్ పాకిస్తాన్' అను గ్రంథమును ప్రకటించెను. అది పాకిస్తాను వాయుసేనవారి కథనములను ఆధారము చేసికొని, వారి దృష్టితో వ్రాసిన గ్రంథము. మనలను మెచ్చుకొనుటకై వ్రాసినది కాదు. అందులో, సర్గోధా దాడినాటి ఉదయమున అంజద్ హుసేన్ విమానము ఒక భారతీయ మిస్టేరుతో జరిగిన పోరులో కూలినదని యుండెను. దెబ్బతిన్న తరువాత కూడ ఆ మిస్టేరు తిరుగబడి పోరినదని యుండెను. నడిపినవాని పేరు వారికి తెలియదు.

పేరు మనవారికి తెలియును. ఆ ఉదయపు దాడికి పోయిన మిస్టేరులలో తిరిగి రానిది ఒక్కటే. తిరిగి వచ్చినవారిలో ఎవ్వరును అట్టి పోరు చేసితినని చెప్పలేదు. కావున ఆ మిస్టేరును నడిపినవాడు దేవయ్యయే కావలెను, వేరొకడు కాజాలడు. బడిపిల్లవాడు కూడ వేయగల తీసివేత లెక్క ఇది. కాని ఆ లెక్క వేయుటకు శత్రువు చెప్పిన ఒక అంకె కావలసివచ్చెను.

లెక్క తేలినంత మాత్రమున బిరుదు నడచి రాదు. ఎవరైన పూనుకొనవలెను. వాయుసేన చరిత్రను వ్రాయ పూనినవారు ఈ సంగతిని పట్టుకొనిరి. నాటి దాడికి నాయకుడైన తనేజా, చాల ఏండ్లు గడచిన తరువాత కూడ, తన దళములో తిరిగిరాని ఆ ఒక్కని కొరకు పైవారికి వ్రాసెను. ఆయనకు ఇందులో స్వలాభము లేదు. ఆ దాడికి ఆయన వీరచక్రమును ఎప్పుడో పొందియుండెను. తనతో తీసికొనిపోయినవానిని తాను మరచిపోలేదు, అంతే. 1988లో భారత ప్రభుత్వము దేవయ్యకు మరణానంతరము మహావీర చక్రమును ప్రకటించెను. పరమవీర చక్రము తరువాత మన దేశమున యుద్ధవీరునకు ఇచ్చు రెండవ గొప్ప సత్కారము అది. దానిని ఆయన సతీమణి అందుకొనెను. తండ్రిని కోల్పోయిననాడు పసివారుగా నున్న బిడ్డలు అప్పటికి పెద్దవారైరి.

ఇంకొక సంగతియు బయటపడెను. దేవయ్య దేహమును అచ్చటి పల్లెవారు పొలములలో కనుగొని, అక్కడనే పాతిపెట్టిరట. తమ దేశముపై దాడికి వచ్చినవాడని తెలిసియు, శవమును కాకులకు గ్రద్దలకు వదలలేదు. పేరు తెలియని పరదేశికి కాసింత మన్ను కప్పిరి. ఆ పల్లెవారికి కూడ మనము నమస్కరింపవలెను.

ఇప్పుడు మన మాట.

మన తెలుగుసీమలోను కన్నడసీమలోను ఊరి వెలుపల, చెరువుగట్టున, గుడి ప్రక్కన వీరగల్లులు నిలిచియుండును. పసులను తోలుకొనిపోవు దొంగలతో పోరి పడినవాడు, ఊరి కొరకు ప్రాణమిచ్చినవాడు ఆ రాతిపై కత్తి పట్టి నిలిచియుండును. పలనాటి వీరులకు కారెంపూడిలో నేటికిని ఏటేట ఉత్సవము జరుగుచున్నది. ఆ రాయి తనంతట తాను లేవలేదు. పడినవానిని చూచిన ఊరు దానిని ఎత్తినది. వీరుడు చేయవలసిన పని వీరుడు చేసెను. రాయి ఎత్తుట మిగిలినవారి పని. వీరుడు తన వంతు తప్పడు. తప్పునది, ఆలస్యము చేయునది, మరచునది మిగిలినవారే.

ఇదియే నేను చెప్పదలచిన ఒక్క మాట. సాహసము ఒక క్షణములో ముగియును. దానిని నిలుపు బాధ్యత బ్రతికినవారిది. దేవయ్య విషయములో ఆ బాధ్యతను శత్రువు నోట వచ్చిన సత్యమును, ఒక నాయకుని మరువని మనసును నెరవేర్చినవి. అందరికి అట్టి అదృష్టము పట్టునా?

మన సంగతి చూచుకొందము. మద్రాసు రెజిమెంటునకును, బెంగుళూరులోని మద్రాసు ఇంజనీరు దళమునకును తెలుగు మాటలాడు ఇండ్లనుండి వెళ్లినవారు కొల్లలు. వారిలో తిరిగి వచ్చినవారు కలరు, రానివారు కలరు. మన తాతలు ఏ దళములో, ఏ యుద్ధములో, ఏ ఊరిలో నుండిరో మనలో ఎందరు చెప్పగలరు? ఇల్లు సున్నము వేయించునాడు పాత ట్రంకుపెట్టెను అటకనుండి దింపుదుము. అందులో పసుపుపచ్చనైన కాగితములుండును, అంచులు చిరిగిన చిత్రపటముండును, రంగు వెలసిన నాడాకు వ్రేలాడు పతకముండును. ఎవరిదో తెలియదని కాగితములను పారవేయుదుము. పతకమును పిల్లలకు ఆటకిత్తుము. ప్రభుత్వము మనలను గుర్తింపలేదని, చరిత్రలో మన పేరు లేదని ఈ సభలోనే పెక్కుమారులు వాపోయితిమి. మన ఇంటి సాక్ష్యమును మనమే చెత్తలో వేసిన తరువాత ఇతరులను ఏమని నిందింతుము?

ఒక సీమలో చిన్న సంఖ్యగా బ్రతుకువారికి ఈ బాధ్యత మరింత పెద్దది. పెద్ద సంఖ్యవారి కథను చెప్పుటకు వేయి నోళ్లుండును. మన కథను మనము చెప్పుకొననిచో చెప్పువారు లేరు.

కావున నాదొక విన్నపము. చందాలు అడుగను, తీర్మానములు చేయమనను. ఈ సభనుండి ఇంటికి వెళ్లిన తరువాత, ఇంటిలో మిక్కిలి వృద్ధులైనవారి వద్ద ఒక గంట కూర్చుండుడు. సైన్యములోనే కాదు, రైలులో గాని, గనిలో గాని, తోటలో గాని, నలుగురి కొరకు కష్టపడినవారిని గూర్చి అడుగుడు. పేరు, ఊరు, సంవత్సరము, తెలిసినంతవరకు తెలుగులో వ్రాయుడు. చిత్రపటము వెనుక పేరు వ్రాయుడు. పెద్దగ చేసి వ్రాయవలదు. తెలిసినదే వ్రాయుడు. తెలియని చోట ఖాళీ విడువుడు. దేవయ్య కథలో ఒక్క నిజమైన వాక్యము 23 సంవత్సరముల మరపును తుడిచివేసెను. మనము వ్రాసిన ఒక వాక్యము ఎవరిని ఎన్నడు వెలికి తెచ్చునో ఎవరు చెప్పగలరు?

కొడగు ముఖ్యపట్టణమైన మడికేరిలో నేడు దేవయ్య పేరిట ఒక కూడలి కలదు. ఆ దారిన పోవునప్పుడు మీ పిల్లలకు ఆ పేరు చూపుడు. అదనముగా నిలిచినవాడు, ఇంధనము లేనివాడు, దెబ్బతిన్న విమానముతో వెనుకకు తిరిగినవాడు అని చెప్పుడు. పిమ్మట ఇంటికి తీసికొనిపోయి, అటకమీది పెట్టెను కూడ తెరచి చూపుడు.